తెల్లకార్డు కోటీశ్వరుడు

కర్రి సన్నిబాబు ఒక మంగళవారం పొద్దున్న పదకొండుంబావుకి కోటీశ్వరుడయ్యాడు. అంతకు గంట ముందు దాకా అతను పెరటి అరుగు మీద కూర్చుని చద్దన్నంలోకి ఉల్లిపాయ నంజుకుంటున్నాడు. కోటీశ్వరుడైన సంగతి ఆ రోజు అతనికి తెలియలేదు. తెలిసి ఉంటే ఉల్లిపాయ ఇంకొకటి కోసుకునేవాడేమో.

అనకాపల్లి నుంచి బస్సులో ముప్పావుగంట వెళితే గుమ్మపాలెం వస్తుంది. ఆ ఊళ్ళో సన్నిబాబుది రెండు గదుల రేకుల ఇల్లు. భార్య నూకరత్నం బస్టాండు దగ్గర పూలు కట్టి అమ్ముతుంది. వయసులో ఉన్నప్పుడు సన్నిబాబు విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట ఒక కాంట్రాక్టరు క్యాంటీనులో టీ పెట్టేవాడు. అక్కడికి రష్యా నుంచి వచ్చిన గెన్నడీ అనే ఇంజనీరు ఒకసారి నూకరత్నం పెట్టిన ఆవకాయ రుచి చూశాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ వేయించుకున్నాడు. దేశానికి తిరిగి వెళ్ళేటప్పుడు ఒక జాడీడు ఆవకాయ పట్టుకెళ్ళి, బదులుగా సన్నిబాబు చేతిలో ఒక పాత కాగితం పెట్టాడు. దాని మీద ఒకటి వేసి, పక్కన ఏడు సున్నాలున్నాయి. 1921 నాటి నోటు. కోటి రూబుళ్ళు.

సన్నిబాబు వారం రోజులు ఎవరికీ టీ పెట్టలేదు. ఎనిమిదో రోజున దుబాసీ వచ్చి అసలు సంగతి చెప్పాడు. విప్లవం వచ్చిన కొత్తలో ఆ దేశంలో నోట్లు ఎడాపెడా గుద్దేశారట. తర్వాత ఒకసారి నాలుగు సున్నాలు కొట్టేశారు, మరుసటేడు ఇంకో రెండు కొట్టేశారు, మిగిలినదాన్ని యాభైవేలతో భాగించారు. ఆఖరికి ఆ కోటి పెట్టినా అగ్గిపెట్టె రాలేదట. ఇంకొకరైతే ఆ కాగితాన్ని పొయ్యిలో పడేసేవారు. సన్నిబాబుకి మాత్రం దాని మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. కోటి రాసి ఉండీ అగ్గిపెట్టెకి కొరగాని కాగితం అతనికి అయినవాళ్ళలా అనిపించింది. అప్పట్నుంచి ఓడరేవులో నావికుల్ని బతిమాలి, స్టాంపులమ్మేవాళ్ళ వెంటపడి, పోస్టులో తెప్పించుకుని, ఆ కాలపు నోట్లు నూట ముప్పై రెండు పోగేశాడు. సీరియల్ నంబరు కూడా లేకుండా బస్సు టిక్కెట్లంత ఉండే ఇరవై, నలభై రూబుళ్ళ నోట్లున్నాయి. వాటిని పెద్ద షీట్లుగా అచ్చేసి జనం మీదికి వదిలేస్తే, ఎవరికి కావలసినన్ని వాళ్ళు కత్తెరతో కత్తిరించుకునేవారట. ‘ప్రపంచ కార్మికులారా ఏకం కండి’ అని ఏడు భాషల్లో అచ్చేసిన నోటుంది. వీటన్నిటినీ దాచడానికి మంచి ఆల్బమ్ కొనే స్తోమత లేక పెళ్ళి ఆల్బమ్‌లో ఫొటోలు తీసి డబ్బాలో పెట్టి, ఆ చోట నోట్లు పెట్టాడు. డబ్బాలో ఫొటోలు చెదలు తినేశాయి. జిగురు గట్టిగా పట్టి ఊడిరాని ఫొటో ఒక్కటే ఆల్బమ్ చివరి పేజీలో మిగిలింది. ఆ విషయం మీద నూకరత్నం ముప్పై ఏళ్ళుగా తిడుతూనే ఉంది.

ఆ మంగళవారం గ్రామ సచివాలయం నుంచి భవ్యశ్రీ అనే ఉద్యోగిని చేతిలో ట్యాబు పట్టుకుని వచ్చింది. ‘మన సొత్తు – మన మాట’ అని కొత్త పథకం. పేదవాళ్ళలో కలిసిపోయిన ధనవంతుల్ని వెతికి పట్టుకోవాలి. ఎవరి సొత్తు ఎంతో వాళ్ళకే బాగా తెలుసు గనక, వాళ్ళనే అడిగితే పోలా అని పైన ఎవరో పెద్దాయనకి తోచింది. ఉందని చెప్పినవాడి తెల్లకార్డు పోతుంది, లేదన్నవాడి కార్డు ఉంటుంది. ఈ పద్ధతి వల్ల రాష్ట్రంలో నిజాయితీపరులు ఎంతమందో తొలిసారి కచ్చితంగా తేలింది.

“తాతగారూ, ఇంట్లో నోట్ల రూపంలో ఏమైనా ఉందాండీ?” అని అడిగింది భవ్యశ్రీ.

నలభై ఏళ్ళలో సన్నిబాబుని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అతను ఆల్బమ్ తీయగానే చుట్టాలు చెప్పులు వేసుకుంటారు. అలాంటిది ప్రభుత్వమే మనిషిని పంపి అడిగిస్తోంది.

“నోట్లంతావా అమ్మా? రా, కూకో,” అన్నాడు చెయ్యి కడుక్కుని.

గంటసేపు చూపించాడు. భవ్యశ్రీ కోటి నోటు మీద గోటితో సున్నాలు లెక్కపెట్టింది. “కోటాండీ!” అంది.

“కోటే మరి! ఒక్క కాయితమ్మీద కోటి. మన దేసంలో ఉందేటి ఇలాటి నోటు?” అన్నాడు సన్నిబాబు ఛాతీ విరుచుకుని. కొంప ముంచింది ఆ మాటే. భవ్యశ్రీ కోటి అని కొట్టేసింది.

“అయ్యో, ఇది సెల్లదమ్మా,” అన్నాడు సన్నిబాబు.

“నోటు మీద అచ్చేసిన అంకె ఎంత అన్నదానికే గడి ఉంది తాతగారూ. చెల్లదు అని రాయడానికి గడి లేదు. ఏ దేశం అనడానిక్కూడా లేదు. తరవాత దిద్దించుకోవచ్చులెండి,” అంటూ ఆ అమ్మాయి మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

బుధవారం ఫోనుకి మెసేజ్ వచ్చింది. ‘అభినందనలు! మీ కుటుంబం ధనిక వర్గంలో చేరినందుకు ప్రభుత్వం హర్షిస్తున్నది. ఇకపై మీకు రేషను బియ్యం, ఉచిత వైద్యం అవసరం లేవు. మీ కార్డు రద్దు చేయబడినది.’

సన్నిబాబు మెసేజ్ రెండుసార్లు చదివాడు. బియ్యం పోతే పోయింది, నూకల జావ తాగి బతకొచ్చు. నూకరత్నం కంటి ఆపరేషను మాత్రం ఆ కార్డు మీదే జరగాలి. కుడికన్ను పూర్తిగా పొర కమ్మేసింది, ఎడమకన్ను దాని వెనకాలే పోతోంది. మొన్న బస్టాండులో మల్లెమొగ్గల మధ్య వెల్లుల్లి రెబ్బలు కట్టేసింది. ఆ దండ తలలో పెట్టుకుని పెళ్ళికెళ్ళిన టీచరమ్మ వచ్చి నానా మాటలూ అని వెళ్ళింది. అనకాపల్లి ఆస్పత్రిలో వచ్చే నెల ఇరవై నాలుగున ఆపరేషనుకి రాశారు. కార్డు లేకపోతే ముప్పై వేలు.

“ఏటొచ్చింది ఫోన్లో?” అని అడిగింది నూకరత్నం.

సన్నిబాబు ఫోను జేబులో దాచబోయాడు. చివరికి చెప్పాడు.

నూకరత్నం కడుతున్న దండ పక్కన పడేసింది. “నా పెళ్ళి ఫొటోలు తినీసినాయి, ఇప్పుడు నా కన్ను తినీసినాయి నీ కాయితాలు,” అంది. “కోటుంది గదా. ఆ కోటెట్టి కన్ను కొనుక్కురా, పో.”

సోమవారం నాడు సన్నిబాబు ఆల్బమ్ చంకన పెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళాడు. తహసీల్దారు ఓరుగంటి విశ్వపతిరావుగారు నిబంధనల్ని కన్నపిల్లల్లా చూసుకునే మనిషి. టేబుల్ మీద అద్దం కింద దేవుడి పటం పక్కన ఒక సర్క్యులరు కూడా పెట్టుకున్నారు. ఆయన కోటి నోటుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఈ నోటు చెల్లదని నువ్వంటున్నావు. చెల్లదని నోటు అంటోందా?” అన్నారు.

“నేదు బాబూ.”

“అయితే నీ మాట నమ్మాలా, అచ్చయిన ప్రభుత్వ పత్రాన్ని నమ్మాలా? ఏ ప్రభుత్వమైనా కానీ, ప్రభుత్వం ప్రభుత్వమే. ఇది జారీ చేసిన కార్యాలయం నుంచి ‘సదరు నోటు చెల్లదు’ అని ధ్రువపత్రం తీసుకురా. చిటికెలో కార్డు పునరుద్ధరిస్తాను.”

“ఆ దేసమే నేదు బాబూ. సోవియట్ దేసం సచ్చిపోయి ముప్పై ఏళ్ళు దాటిపోనాది.”

విశ్వపతిరావుగారి ముఖం వెలిగింది. ఇంతసేపూ దారి దొరకని వ్యవహారం ఇప్పుడు తనకు కొట్టినపిండి అయిన చోటుకి వచ్చింది.

“ఆ మాట ముందే చెప్పొద్దూ! చనిపోయిన వారి విషయంలో మనకి స్పష్టమైన విధానం ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల పత్రం జతపరుచు. నోటిచ్చినవాడు లేడని తేలితే నోటు సంగతి ఆలోచిద్దాం. ఆ నోటు మీద తారీఖుందే, అప్పటికి ఈ దేశం వయసెంత?”

నోటు అచ్చయింది 1921లో. సోవియట్ యూనియన్ పుట్టింది ఆ మరుసటేడు చివర్లో. సన్నిబాబు నోరు తెరవబోయి, జనన ధ్రువీకరణ పత్రం కూడా అడుగుతారని గుర్తొచ్చి టక్కున మూసేశాడు.

విచారణ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దాలినాయుడికి అప్పగించారు. ఆ మర్నాడే అతను ఊళ్ళోకొచ్చి, టీకొట్టు దగ్గర అయిదుగురు పెద్దల్ని కూర్చోబెట్టి పంచనామా మొదలుపెట్టాడు. దేశమైనా మనిషైనా ఫారం ఒకటే.

“మరణించినవారి పేరు సోవియట్ దేశం. వయసు అరవై తొమ్మిది. మరణ కారణం?”

“అప్పులై ఉంతాయి,” అన్నాడో పెద్దాయన.

“మందెక్కువ తాగీవోరట,” అన్నాడింకొకాయన.

‘దీర్ఘకాలిక అస్వస్థత’ అని రాసుకున్నాడు దాలినాయుడు. “అంత్యక్రియలు ఎక్కడ చేశారు?”

“సెయ్యనేదండి. పిల్లలు పంచుకుని ఎవుల దారిన ఆళ్ళు పోనారు,” అన్నాడు సన్నిబాబు.

“పిల్లలెంతమంది?”

“పదేనుగురు.”

దాలినాయుడు కలం ఆపి, ఆ తల్లి ఎవరో గానీ అన్నట్టు ఒక్క క్షణం తల వంచాడు. తర్వాత పేర్లు రాసుకున్నాడు. కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్ వగైరాలను కుమారుల కింద వేశాడు. లాత్వియా, లిథువేనియా, ఎస్టోనియా లాంటివాళ్ళని కుమార్తెల కింద వేసి, అందరికీ పెళ్ళిళ్ళయ్యాయా అని అడిగాడు. రష్యా పేరు కూడా కుమార్తెల్లోకే వెళ్ళింది.

“ఎక్కువ భూమి ఎవరి స్వాధీనంలో ఉంది?”

“రస్యా దగ్గరేనండి.”

“ఆస్తంతా పెద్దమ్మాయే పట్టీసిందన్నమాట,” అన్నాడు దాలినాయుడు. వాళ్ళింట్లో కూడా అదే గొడవ నడుస్తోంది.

ఆఫీసు నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించారు. ‘విషయము: సోవియట్ దేశము – మరణము – వారసులు – ఆక్షేపణలు కోరుట గురించి. సదరు దేశము 1991వ సంవత్సరములో గతించినట్లు కర్రి సన్నిబాబు, తండ్రి లేటు అప్పన్న, దరఖాస్తు చేసుకొనియున్నారు. ఇందుపై ఎవరికైనను అభ్యంతరములున్న యెడల పదిహేను దినములలోగా తగు ఆధారములతో తెలుపవలెను. గడువు మీరిన పిమ్మట సదరు దేశము మరణించినట్లే భావించబడును.’

పద్నాలుగు రోజులు నిశ్చింతగా గడిచాయి. పదిహేనో రోజు సాయంత్రం అయిదుకి పది నిమిషాలుండగా అభ్యంతరం వచ్చింది.

వేసినాయన జోగినాథం మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారు, వయసు ఎనభై దాటింది. పెళ్ళికి కూడా ఎర్ర కండువాతోనే కూర్చున్నారని ఊళ్ళో చెప్పుకుంటారు. ‘సదరు దేశము చనిపోలేదు. విశ్రాంతి తీసుకొనుచున్నది’ అని అర్జీలో రాశారు. ఆధారంగా ఇరవై పేజీలు జతచేశారు.

దాలినాయుడు ఫైలు మీద ‘వివాదాస్పదము’ అని రాసి కట్ట కట్టేశాడు. ఆపరేషనుకి ఇంక పదహారు రోజులే ఉంది. సన్నిబాబు పరుగెత్తుకుంటూ మాస్టారింటికి వెళ్ళాడు.

“మాస్టారూ, నా ఆడదాని కన్ను పోతాది. ఆ దేసం సచ్చిపోనాదని ఒప్పీసుకోండి బాబూ, మీకు పున్నెముంతాది.”

“ఏమయ్యా సన్నిబాబూ, ఆ నోట్లు ప్రేమగా దాచుకున్నవాడివి నువ్వు. నీ నోటితో నువ్వా మాట అనొచ్చా?” అన్నారు మాస్టారు బాధగా.

సన్నిబాబు భుజం మీది తువ్వాలు తీశాడు. అతనికీ ఆ దేశమంటే ప్రేమే. చూసింది లేదు, ఏం జరిగిందో సరిగా తెలిసిందీ లేదు. కానీ ఆవకాయ తిని ఏడ్చిన గెన్నడీ దేశం అది. కళ్ళు తుడుచుకుని, “రత్నం మల్లెపూలలో ఎల్లుల్లి కట్టీసింది మాస్టారూ,” అన్నాడు.

ఆ దండ కట్టించుకున్న టీచరమ్మ మాస్టారి కోడలే. ఆయన ఎర్ర కండువా సర్దుకున్నారు. “సరే, ఒక్క షరతు. ‘తాత్కాలికంగా’ అన్న మాట చేర్చాలి,” అన్నారు.

అలా సోవియట్ దేశం తాత్కాలికంగా మరణించినట్లు గుండ్రటి సీలుతో పత్రం తయారైంది. సన్నిబాబు దాన్ని రెండు చేతులా పట్టుకుని విశ్వపతిరావుగారి ముందు పెట్టాడు. ఆయన సంతోషించారు. ఆ సంతోషంలో ఆల్బమ్ తిరగేస్తూ ఏడు భాషల నోటు దగ్గర ఆగారు.

“ఈ కింద ఏదో రాసుందే, ఏమిటది?”

అడగకుండా ఉంటే సన్నిబాబు చెప్పేవాడు కాడు. అడిగితే మాత్రం ఆగలేడు. ముప్పై ఏళ్ళ కిందట ఓడల మీది వాళ్ళని అడిగి ఒక్కొక్క మాటా నేర్చుకున్నాడు.

“ఈ నోటుకి రిపబ్లిక్కు సమస్త సొత్తూ పూచీ అని రాసుందండి,” అన్నాడు గర్వంగా.

విశ్వపతిరావుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“సమస్త సొత్తు అంటే, అందులో భూమి కూడా వస్తుందా?”

“వత్తాదండి. భూమి నేకుండా దేసమెక్కడిది?”

“అంటే సదరు దేశపు భూమి అంతా నీకు తాకట్టులో ఉన్నట్టు. దాలినాయుడూ, విస్తీర్ణం చూడు.”

దాలినాయుడు ఫోన్లో చూసి, కాగితం మీద గుణించి, మళ్ళీ గుణించాడు. “అయిదువందల యాభై మూడు కోట్ల ఎకరాలండి,” అన్నాడు మెల్లగా.

“తెల్లకార్డుకి పరిమితి మాగాణి అయితే మూడెకరాలు, మెట్ట అయితే పది. ఇది మాగాణా, మెట్టా?”

“సగం మంచేనండి.”

“మంచు కరిగితే?”

“నీరేనండి.”

“ఏడాది పొడుగునా నీటి వసతి ఉన్న భూమి. మాగాణి,” అని విశ్వపతిరావుగారు తీర్మానించారు. “కోటి రూబుళ్ళంటే పోన్లే, ఏదో ఒకటి చూసేవాణ్ణి. అయిదువందల యాభై మూడు కోట్ల ఎకరాల మాగాణి పెట్టుకుని ఉచిత బియ్యానికి వచ్చావే, నీకు మనసెలా ఒప్పిందయ్యా?”

సన్నిబాబు కుర్చీ లేకపోయినా కూలబడ్డాడు. విశ్వపతిరావుగారు నిజానికి చెడ్డవారు కాదు. ఆ ముఖం చూసి జాలిపడి ఒక మార్గం చెప్పారు. నోట్లన్నీ ప్రభుత్వానికి స్వాధీనం చేసేస్తే సన్నిబాబు సొత్తు సున్నా అవుతుంది. సున్నా అయిన మర్నాడే కార్డు తిరిగొస్తుంది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు. నూకరత్నం పూలు కడుతూనే, “మరేటి, ఇచ్చీలేకపోనావా?” అంది.

సన్నిబాబు ఆల్బమ్ చంకలోంచి తీయలేదు. రెండు మూరల దండ పూర్తయ్యేదాకా ఊరుకున్నాడు. ఆ ఆలస్యం చాలు. మూడు రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. నాలుగో రోజు పొద్దున్నే నూకరత్నం గుమ్మం తట్టుకుని పడబోయింది. సన్నిబాబు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆల్బమ్ తీసుకుని తిన్నగా ఆఫీసుకి వెళ్ళాడు.

దాలినాయుడు రసీదు రాశాడు. ‘ఆల్బమ్ ఒకటి. నోట్లు నూట ముప్పై రెండు. పెళ్ళి ఫొటో ఒకటి.’

“ఆ ఫొటో ఇచ్చీండి బాబూ, అది రూబుల్ కాదు.”

“అంటుకుని ఉంది గదా. స్వాధీనమైన వస్తువులోంచి ఏదీ పీకకూడదు,” అన్నాడు దాలినాయుడు.

నలభై ఏళ్ళ ప్రేమని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. బస్సు ఎక్కకుండా నడిచే వచ్చాడు సన్నిబాబు, దారంతా ఏడ్చాడు. మర్నాడు మెసేజ్ వచ్చింది. ‘మీరు నిరుపేదలైనందుకు అభినందనలు.’ కార్డు వచ్చింది, ఇరవై నాలుగో తారీఖు నిలబడింది.

ఇక ఆఫీసు సంగతి. కోటి నోటు, మరో అర కోటి నోటు, చిల్లర లక్షలూ కలిపి రెండు కోట్ల పైచిలుకు ఇప్పుడు ఆఫీసు పేరిట నమోదయ్యాయి. జిల్లాలో అత్యధిక సంపద వెలికితీసిన అధికారిగా విశ్వపతిరావుగారికి శాలువా కప్పారు. ఆయన ఆ శాలువాతో రెండు రోజులు ఫొటోలు దిగారు. మూడో రోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

‘మీ కార్యాలయము తగినంత స్వంత నగదు నిల్వ కలిగియున్నందున దీనిని స్వయంపోషక కార్యాలయముగా ప్రకటించుటకు సంతోషించుచున్నాము. ఇకపై విద్యుత్తు, డీజిలు, స్టేషనరీ, సిబ్బంది జీతభత్యములు సదరు నిల్వ నుండియే భరించుకొనవలెను.’

ట్రెజరీ నుంచి జీతాల బిల్లు వెనక్కి వచ్చేసింది. మర్నాడే కరెంటు కట్టయింది. జీపు షెడ్డులో ఉండిపోయింది. దాలినాయుడు ధైర్యం చేసి అరవై రూబుళ్ళ నోటొకటి తీసుకుని కిరాణా కొట్టుకి వెళ్ళాడు. కొట్టాయన దాన్ని దీపానికెత్తి చూసి, “దీనికి జీలకర్ర కూడా రాదు,” అన్నాడు.

“అదే మాట రాసి సంతకం పెట్టి ఇస్తావా?” అని ఆశగా అడిగాడు దాలినాయుడు.

విశ్వపతిరావుగారు పైకి లేఖ రాశారు. సదరు నోట్లు చెల్లవని విన్నవించుకున్నారు. జవాబు తిరుగు టపాలో వచ్చింది. ‘చెల్లవని మీరు అనుచున్నారు. నోట్లు అనుచున్నవా? జారీచేసిన దేశము మీ పత్రము ప్రకారము తాత్కాలికముగా మాత్రమే మరణించియున్నది. సదరు దేశము తిరిగి లేచినచో ఎవరు బాధ్యత వహింతురు?’

ఆ సాయంత్రం తహసీల్దారుగారు చెమటలు కక్కుతూ నడిచి వచ్చి సన్నిబాబు ఇంటి ముందు నిలబడ్డారు. శాలువాతోనే ముఖం తుడుచుకున్నారు. వెనకాల దాలినాయుడు ఆల్బమ్ మోస్తున్నాడు.

“సన్నిబాబుగారూ,” అన్నారు. గారు చేర్చడం అదే మొదలు. “దయచేసి ఇది తీసేసుకోండి.”

ఆల్బమ్ చూడగానే సన్నిబాబు చేతులు వాటంతట అవే ముందుకెళ్ళాయి. సగంలో ఆపుకున్నాడు. “నాను తీసుకుంతే నాను మళ్ళీ కోటీస్వరుణ్ణి. ఎల్లుండే మా ఆడదాని ఆపరేసను. సెల్లవని కాయితమిచ్చి ఇయ్యండి.”

“ఆ కాగితం ఇచ్చే అధికారం నాకు లేదే!”

అరుగు మీద పూలు కడుతున్న నూకరత్నం తలెత్తింది. మాట వినిపించే వైపు ముఖం తిప్పింది.

“బాబూ, ఏటేటా మీ ఆపీసులో పాత కాయితాలు ఏటి సేత్తారు? మా బస్టాండులో పొట్లాలన్నీ మీ సీళ్ళతోటే వత్తాయి.”

“వేలం వేస్తాం,” అన్నారు విశ్వపతిరావుగారు.

“దానికి పైవోళ్ళ సంతకం కావాలేటి?”

“అక్కర్లేదు. పనికిరాని కాగితాలని నేను నిర్ణయిస్తే చాలు. ఫారం పదకొండు.” ఆయన అలా అని, నోరు తెరుచుకుని ఉండిపోయారు. నోటు చెల్లదనడానికి ఈ లోకంలో ఎవరికీ అధికారం లేదు. కాగితం పనికిరాదనడానికి మాత్రం ఆయన ఒక్కరి సంతకం చాలు.

గురువారం నాడు అనకాపల్లిలో నూకరత్నం కుడికంటికి ఆపరేషను జరిగింది. ఆ పై గురువారం ఆఫీసు వరండాలో వేలం. పాడేవాళ్ళు ఇద్దరే. సన్నిబాబు ఒకడు, పాత కాగితాలు కొనే అప్పలకొండ ఇంకొకడు. అప్పలకొండకి నోట్లతో పనిలేదు, ఆల్బమ్ అట్ట గట్టిగా ఉందని ముచ్చటపడ్డాడు. సన్నిబాబు పది అన్నాడు. అప్పలకొండ పదిహేను అన్నాడు. ఇరవై అన్నాడు సన్నిబాబు, ఇరవై ఆరన్నాడు అప్పలకొండ. సన్నిబాబు జేబు తడుముకున్నాడు. జేబులో ఉన్నది బస్సు ఛార్జీతో కలిపి ముప్పై. ఇరవై ఏడు అన్నాడు. అప్పలకొండ అట్టని ఇంకోసారి గోటితో గీకి చూసి, తల అడ్డంగా ఊపాడు. విశ్వపతిరావుగారు టేబుల్ మీద రూళ్ళకర్రతో మూడుసార్లు గట్టిగా కొట్టారు. సిబ్బంది అంతా చప్పట్లు చరిచారు.

సన్నిబాబు బస్సు డబ్బులు లేక మళ్ళీ నడిచే వచ్చాడు, ఈసారి పాట పాడుకుంటూ వచ్చాడు. ఆల్బమ్, రసీదు నూకరత్నం ఒళ్ళో పెట్టాడు. కంటి కట్టు అంతకుముందు రోజే విప్పారు. నల్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఆమె రసీదు పట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. చదువుకున్నది అయిదో తరగతి వరకే.

“పనికిరాని... పాత కాగితములు... ఒకటిన్నర కిలో... పెళ్ళి ఫొటోతో సహా... ఇరవై ఏడు రూపాయలు.” ఆగింది. మళ్ళీ చదివింది. “మన పెళ్ళి కూడా కిలో లెక్కన ఏలం ఏసీసేరేటి?”

“ఏసీసేరే. మళ్ళీ నానే పాడుకున్నాను గదా.”

నూకరత్నం చివరి పేజీ తీసింది. ఫొటోలో పదిహేడేళ్ళ పిల్ల భయంభయంగా చూస్తోంది. పక్కన సన్నటి మనిషి ఒకడు బాసికం పక్కకి జారిపోయి నిలబడ్డాడు. వాళ్ళిద్దరినీ ఆమె చాలాసేపు చూసింది. ఎన్నేళ్ళయిందో అంత స్పష్టంగా చూసి.

“పోటీ ఎవులైనా పాడేరా?” అని అడిగింది.

“పాడేరు. ఇరవై ఆరు దాకా.”

“నువ్వు ఇరవై ఏడుకి ఆపీసినావా?” అంది నూకరత్నం నల్లద్దాలు కిందికి దించుకుంటూ. “కోటి ఎట్టుకుని, నా పెళ్ళికి ఒక్క రూపాయే ఎక్కువ పాడేవేటయ్యా?”